రేవు గట్టున ఒక సాయంత్రం కోసం మూడు రోజులు

మా అమ్మకు సముద్రం మీద పొద్దు గుంకడాన్ని తీరికగా కూర్చుని చూడాలని చాలా ఏళ్లుగా కోరిక. ఇంతకుముందు నేనే రెండుసార్లు తీసుకువెళ్లాను గానీ, ఒకసారి బండి ఆపే చోటు దొరికేలోపే సూర్యుడు దిగిపోయాడు. మరోసారి కూర్చోవడానికి గట్టు లేక, మోకాళ్ల నొప్పితో నిలబడే ఉన్న అమ్మ పడమర వైపు సరిగ్గా చూడకుండానే "ఇంక వెళ్దామా?" అని అడిగింది. ఆ రెండు సాయంత్రాలూ పాడైనది ముందుగా ఏమీ తెలుసుకోకుండా బయలుదేరడం వల్లనే అని నాకు అప్పుడే అనిపించింది. అందుకే ఈసారి అమ్మానాన్నల కంటే రెండు రోజులు ముందుగా, ఫిబ్రవరి మొదట్లో, పడమటి సముద్రానికి ముఖం పెట్టి ఉన్న ఒక చిన్న రేవు గ్రామానికి ఒంటరిగా వెళ్లాను. వాళ్లు మూడో రోజు మధ్యాహ్నం వస్తారు. ఆ సాయంత్రం వాళ్లకు ఏ తొందరా, ఏ వెతుకులాటా ఉండకూడదంటే, ఆ వెతుకులాటంతా నేను ముందే ముగించి ఉండాలి.

మొదటి రోజు: త్రయోదశి

ఊరు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర అయింది. గదిలో సంచి పెట్టి, ముందుగా ఊరి ఆకారాన్ని అర్థం చేసుకుందామని నీటి ఒడ్డు పొడుగునా నడిచాను. నెలవంకలాగా వంగిన చిన్న అఖాతం అది. దాని అంచు వెంట ఉత్తరం నుంచి దక్షిణం దాకా రాతితో కట్టిన రేవు గట్టు, గట్టు మధ్య నుంచి నీళ్లలోకి సాగిన జెట్టీ ఉన్నాయి. నైరుతి వైపు సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండ, దాని మీద దీపస్తంభం ఉన్నాయి. కొండ మొదలు నుంచి అలలను ఆపడానికి వేసిన రాతికట్ట సాగుతుంది. ఆ కట్ట చివరకూ ఉత్తరపు ఒడ్డుకూ మధ్య ఉన్న సందే రేవు మొగ, పడవలన్నీ ఆ మొగలోంచే వస్తాయి, పోతాయి.

సూర్యాస్తమయానికి ఎక్కడ కూర్చుంటే బాగుంటుందని అడిగితే ఎవరైనా జెట్టీ చివరనే చూపించారు. వాళ్లు చెప్పింది తప్పు కాదని, కానీ ఆ మాట ఏడాదంతా ఒకేలా నిజం కాదని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. సూర్యుడు సరిగ్గా పడమర దిక్కున అస్తమించేది ఏడాదికి రెండే కాలాల్లో, మార్చి 20 ప్రాంతంలోనూ సెప్టెంబరు 22, 23 ప్రాంతంలోనూ. జూన్ చివర వాయవ్యం వైపుకు, డిసెంబరు చివర నైరుతి వైపుకు జరిగిపోతాడు. ఫిబ్రవరి మొదట్లో ఆ అక్షాంశంలో పడమరకు సుమారు 17 డిగ్రీలు దక్షిణంగా దిగుతాడు. జెట్టీ చివర నిలబడి దిక్సూచి పట్టుకుని చూస్తే ఆ 17 డిగ్రీలు నేరుగా కొండ వెనక్కే పోతున్నాయి.

సమయం లెక్కకు నేను వాడేది పిడికిలి. చేయి చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలను కప్పుతుంది. భూమి తిరగడం వల్ల సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున కదులుతున్నట్టు కనిపిస్తాడు కాబట్టి, భూమధ్యరేఖకు దగ్గరగా, సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగే చోట్ల ఒక పిడికిలి అంటే 40 నిమిషాలు. ఉత్తరానికో దక్షిణానికో దూరం పోయేకొద్దీ సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు, అక్కడ అదే పిడికిలికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. ఆ రోజు సూర్యాస్తమయం 6:14కి. అయిదు గంటలకు కొంచెం ముందు కొలిస్తే నీటిగీత మీద సరిగ్గా రెండు పిడికిళ్లు వచ్చాయి. సూర్యుడిని కళ్లతో నేరుగా చూడకుండా, పిడికిలి అంచుతో దాన్ని కప్పి కొలవాలి. బైనాక్యులర్స్‌తోగానీ, కెమెరా కంటిగాజులోంచిగానీ సూర్యుడిని చూడటం సాయంత్రమైనా ప్రమాదమే.

నీళ్లు అప్పుడు బాగా లాగేసి ఉన్నాయి. జెట్టీ లోపలివైపున్న చిన్న పడవలు బురదలో ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. వాటి మోకులు వదులుగా వేలాడుతున్నాయి. రాతిమెట్లలో కింది ఏడు మెట్లు బయటపడ్డాయి, ఏడింటి మీదా పచ్చటి నాచు పట్టి ఉంది. ఎండినట్టే కనిపించిన అయిదో మెట్టు మీద అరికాలు పెట్టి చూస్తే సబ్బు రాసినట్టు జారింది. అమ్మను ఈ మెట్ల దగ్గరికి రానివ్వకూడదని అక్కడే తీర్మానించుకున్నాను.

సూర్యుడు 6 గంటలకే కొండ వెనక్కి వెళ్లిపోయాడు. నీళ్లలోకి దిగడం చూడాలని వచ్చి, ఒక కొండ అంచు వెనక్కి వెళ్లడం చూశాను. జెట్టీ చివరన చేరిన ఇరవై, ముప్పై మంది ఫోన్లు దించి ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. నేను మాత్రం మోకులు చుట్టే ఇనుప దిమ్మ పక్కన కూర్చుండిపోయాను. ఆరున్నర అయ్యేసరికి ఒకదాని వెనక ఒకటిగా మరబోట్లు రావడం మొదలైంది. నిమిషాల్లో జెట్టీ అంతా కేకలతో, ఇంజన్ల చప్పుడుతో, గంపలతో నిండిపోయింది. బోటు మీంచి విసిరిన మోకును అందుకున్న కుర్రవాడు దాన్ని నా పక్కనున్న దిమ్మకు చుట్టబోతూ ఆగి, లేచి దూరంగా వెళ్లమని చేత్తో సైగ చేశాడు. బిగిసిన మోకు తెగితే కొరడాలాగా వెనక్కి కొడుతుందని, ఆ దారిలో ఉన్న మనిషికి కాళ్లూ చేతులే కాదు, ప్రాణమే పోవచ్చని తరువాత చెప్పాడు. పెద్ద ఓడరేవుల్లో పనిచేసే వాళ్లకు ఇది మొట్టమొదట నేర్పే జాగ్రత్త. నాలాంటి చూడవచ్చిన వాళ్లకు మాత్రం ఆ దిమ్మ కూర్చునేందుకు వీలైన పీటలాగానే కనిపిస్తుంది. రేవు వాళ్లు పనిచేసుకునే చోటు. వాళ్ల దారికి అడ్డం రాని చోటు చూసుకోవడం మన బాధ్యతే.

రాత్రి గదికి నడుస్తూ అడుగులు లెక్కపెట్టాను. జెట్టీ నుంచి రోడ్డుకు 310 అడుగులు. మధ్యలో రెండు దీపాలు వెలగని చోట గట్టు రాయి ఒకటి పైకి లేచి ఉంది. నా కాలికే అది తగిలింది.

రెండో రోజు: చతుర్దశి

పొద్దున్నే గట్టు ఉత్తరపు కొసకు వెళ్లాను. నిన్నటి లెక్క ప్రకారం, మనిషి ఉత్తరానికి జరిగేకొద్దీ ఆ కొండ తన చూపులో ఎడమకు, అంటే దక్షిణానికి జరిగిపోవాలి. నిజంగానే, గట్టు చివరి దాకా వెళ్లి దిక్సూచి పెడితే సూర్యుడు దిగే దిక్కు కొండనూ రాతికట్ట కొసనూ తప్పించుకుని రేవు మొగ మధ్యలోకి వచ్చింది. జెట్టీకి, ఈ కొసకు మధ్య దూరం 400 అడుగుల నడకే. ఆ కొద్ది దూరంలో అస్తమయం కొండ వెనక నుంచి నీళ్లలోకి మారిపోయింది.

అక్కడ వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. చుట్టూ వెలిసిపోయిన నీలం రంగు వల. ఆయన కాలి బొటనవేలికి వల అంచు తగిలించి బిగువుగా పట్టి, చెక్క కండెతో దారాన్ని తిప్పి, తెగిన ప్రతి గడికీ ఒక ముడి వేస్తున్నాడు. చూపు మాత్రం నీళ్ల మీదే. రేపు సాయంత్రం ఇక్కడ సందడిగా ఉంటుందా అని అడిగాను. నీళ్లను అడగమన్నాడు. ఆ మాటను విడమరచి చెప్పించుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. అయితే ఆ మూడు రోజుల్లో నేను తెలుసుకున్న వాటిలో అన్నిటికంటే విలువైనది అదే.

ఆటుపోట్లు గడియారాన్ని అనుసరించవు, చంద్రుడిని అనుసరిస్తాయి. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి, నిన్న వచ్చిన పోటు ఈ రోజు సగటున 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పౌర్ణమి, అమావాస్యల దగ్గర ఆ ఆలస్యం కొంచెం తగ్గి ముప్పావు గంటకు లోపుగా ఉంటుంది, అష్టమి దగ్గర గంట దాటుతుంది. నిన్న నీళ్లు పూర్తిగా లాగేసింది 4:40కి. ఈ రోజు 5:20 ప్రాంతంలో, రేపు పౌర్ణమి నాడు దాదాపు 6 గంటలకు. అదీగాక సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో ఉండి లాగడం వల్ల పౌర్ణమికి, ఆ తరువాత ఒకటి రెండు రోజులకు, పోటు మరింత ఎత్తుకు వస్తుంది, ఆటు మరింత లోతుకు పోతుంది. నిన్న ఏడు మెట్లు బయటపడితే రేపు ఎనిమిదో తొమ్మిదో బయటపడతాయి.

ఇందులో నాకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఆ రేవు లోతు తక్కువ. నీళ్లు బాగా లాగేసినప్పుడు పెద్ద మరబోట్లు మొగ దాటి లోపలికి రాలేవు. అవి బయటే లంగరు వేసుకుని, నీళ్లు ఎక్కేదాకా ఆగి, అప్పుడు లోపలికి వస్తాయి. నిన్న ఆరున్నరకు జెట్టీ మీద మొదలైన సందడి రేపు దాదాపు ఎనిమిదింటి దాకా మొదలుకాదు. పొద్దు గుంకే వేళకు గట్టంతా ఖాళీగా ఉంటుంది. ఆ వెలుతురులో మనం ఎవరి పనికీ అడ్డం కాకుండా కూర్చోవచ్చు. పంచాంగంలో అస్తమయ సమయం ఒక్కటే చూసుకుని వచ్చేవాళ్లకు ఇది తెలిసే దారి లేదు. రేవులో కూర్చోదలచిన వాళ్లు ఆ ఊరి ఆటుపోట్ల పట్టికను తప్పక చూసుకోవాలని, ఒక్క ఊరి సమయాలు మరో ఊరికి పనికిరావని గట్టిగా చెబుతాను.

నీళ్లు లాగేస్తే మరో చిక్కు ఉంది. జెట్టీకి లోపలివైపు అంతా బురదే మిగులుతుంది, దాని వాసనా ఉంటుంది, అందులో ఆకాశం ప్రతిఫలించదు. ఉత్తరపు కొస మాత్రం మొగలోని లోతు కాలువకు ఆనుకుని ఉండటం వల్ల అక్కడ ఎప్పుడూ నీళ్లుంటాయి. దిక్సూచి చూపిన చోటే నీళ్లు కూడా చూపించడంతో కూర్చునే చోటు తేలిపోయింది.

మధ్యాహ్నం కొండ ఎక్కాను. అమ్మను ఎలాగూ ఎక్కించలేను గానీ, పైనుంచి చూపు ఎలా ఉంటుందో తెలుసుకోకుండా దాన్ని వదులుకోవడం ఇష్టం లేకపోయింది. దృశ్యం విశాలంగానే ఉంది. నీళ్లు మాత్రం పైనుంచి చూస్తే ముదురుగా, లోతుగా ఉన్నాయి. ఎందుకంటే ఎత్తు నుంచి కిందికి చూసినప్పుడు కంటికి చేరేది ఎక్కువగా నీటి లోపలి నుంచి వచ్చే వెలుగు. 1921లో ఇంగ్లండు నుంచి ఎస్.ఎస్. నర్కుండా ఓడ మీద తిరిగివస్తూ సి.వి. రామన్ ఒక నికోల్ పట్టకంతో (నీటి మీద ప్రతిఫలించే మెరుపును ఆపగల స్ఫటికంతో) సముద్రాన్ని చూసి, ఉపరితలం మీద ప్రతిఫలించే వెలుగును ఆపేసినా నీలిరంగు పోవడం లేదని గమనించాడు. సముద్రపు నీలం కేవలం ఆకాశపు ప్రతిబింబమన్న అప్పటి నమ్మకాన్ని ఆ గమనింపు కాదంది. నా దగ్గరున్న పోలరాయిడ్ కళ్లద్దాలను అటూ ఇటూ తిప్పుతూ చూస్తే మెరుపు పోయి లోపలి నీలం తేలడం నాకూ కనిపించింది. అయితే సాయంత్రానికి మనం కోరేది ఆ మెరుపునే. నీటిని ఎంత కింది నుంచి, ఎంత ఏటవాలుగా చూస్తే అది అంతగా అద్దంలాగా పనిచేసి ఆకాశపు రంగులన్నీ తన మీదకు తెచ్చుకుంటుంది. కాబట్టి పొద్దు గుంకడం చూడటానికి కొండ కంటే గట్టే మేలన్నది నా అభిప్రాయం.

అయిదు గంటలకు ఉత్తరపు కొసలో కూర్చున్నాను. పడమటి అంచున బూడిదరంగు మబ్బు ఒకటి గోడలాగా లేచి ఉంది. 5:50కి సూర్యుడు దాని వెనక్కి వెళ్లి మళ్లీ కనిపించలేదు. 6:14 అయింది, ఏమీ లేదు. నిరాశతో లేచి గదివైపు నడిచాను. రెండు వందల అడుగులు వేశానో లేదో, ఎదురుగా ఉన్న ఇళ్ల కిటికీ అద్దాలన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగి చూస్తే, పల్చగా ఎక్కడో పైన పరుచుకున్న మబ్బులన్నీ అడుగు నుంచి అంటుకున్నట్టున్నాయి. సూర్యుడు కిందికి దిగాకే ఆ ఎత్తు మబ్బుల అడుగుభాగానికి వెలుగు తగులుతుంది. దిగంతం అవతల మబ్బు లేని సందు ఉంటే చాలు. సూర్యుడు అంచు దగ్గర ఉన్నప్పుడు ఆ వెలుగు నడినెత్తిన ఉన్నప్పటి కంటే 38 రెట్లు ఎక్కువ గాలిని దాటుకుని రావాలి. ఆ దారిలో నీలం చెదిరిపోయి ఎరుపూ నారింజే మిగులుతాయి. పరుగున వెనక్కి వెళ్లాను గానీ, నేను చేరేసరికి ఆ ఎరుపు గులాబీలోకి, గులాబీ బూడిదలోకి మారిపోయింది. చూడాల్సినదాంట్లో సగాన్ని వీపు వెనక పెట్టుకుని నడిచానని అప్పుడు అర్థమైంది.

ఆ రాత్రి మరునాటి సాయంత్రానికి ఒకే ఒక్క నియమం రాసుకున్నాను: 7 గంటల లోపు ఎవరూ లేవకూడదు. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీలు కిందికి దిగేదాకా మొదటి సంజవెలుగు ఉంటుంది, దానికి ఆ అక్షాంశంలో సుమారు 22 నిమిషాలు పడుతుంది. 12 డిగ్రీలకు నీటిగీత కూడా చూపుకు అందకుండా పోతుంది, 18 డిగ్రీలకు పూర్తి చీకటి. అంటే అస్తమయం తరువాత మరో ముప్పావు గంట కూర్చుంటేనే ఆ సాయంత్రాన్ని చూసినట్టు.

మూడో రోజు: పౌర్ణమి

ఉదయమంతా చిన్న పనులే. ఉత్తరపు కొసలో రెండు రాతి బల్లలుంటే, ఒకటి మరీ కిందికి ఉంది. దాని మీద కూర్చుంటే అమ్మ మళ్లీ లేవలేదు. రెండోది నా మోకాలి ఎత్తుకు పైగా ఉంది, వెనక ఆనుకోవడానికి గోడ ఉంది. ఆ బల్లకు బండి ఆగే చోటు నుంచి 140 అడుగులు. మెట్లు లేవు. మరుగుదొడ్డి ఎక్కడుందో చూసి, అది ఎనిమిదింటి దాకా తెరిచే ఉంటుందని అడిగి తెలుసుకున్నాను. ఈ సంగతి రాయడానికి చాలామంది మొహమాటపడతారు గానీ, డెబ్బై ఏళ్లు దాటిన మనిషి సముద్రం ఒడ్డున మూడు గంటలు నెమ్మదిగా కూర్చోగలిగేదీ లేనిదీ చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. రెండు శాలువాలు, ఒక దిండు, ఒక ఫ్లాస్కు నిండా వేడినీళ్లు, ఒక టార్చి లైటు సిద్ధం చేసి పెట్టాను.

అమ్మానాన్నలు ఒంటి గంటకు వచ్చి, భోంచేసి, పడుకున్నారు. నాలుగున్నరకు వాళ్లంతట వాళ్లే లేచారు. 5:05కి ముగ్గురం బల్ల మీద ఉన్నాం.

మొదటి అరగంట చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. అలా ఏమీ జరగకపోవడాన్ని నేను ఎంతగా కోరుకున్నానో అప్పుడే తెలిసింది. నాన్న చెప్పులు విడిచి కాళ్లు చాపుకున్నారు. అమ్మ దిండును వీపు వెనక సర్దుకుని, మొగ అవతల లంగరు వేసుకుని ఉన్న బోట్లను లెక్కపెట్టింది. ఆరు. నీళ్లు తగ్గుతున్న కొద్దీ అవి ముక్కులు ఒకే వైపుకు తిప్పుకుని, దారానికి గుచ్చినట్టు వరసలో నిలబడ్డాయి.

"ఎప్పుడు ఎక్కడ దిగుతాడో నీకెలా తెలుసే?" అని అమ్మ అడిగింది. చేయి చాచి పిడికిలి చూపించాను. నాన్న తన పిడికిలితో కొలిచి, ఒకటి కంటే కొంచెం తక్కువ అన్నారు. గడియారంలో 5:38. లెక్క సరిపోయింది.

ఆరు దాటాక సముద్రపు గాలి తగ్గింది. పగలు నేల వేడెక్కి సముద్రం మీది గాలిని లాక్కుంటుంది. సాయంత్రం నేల చల్లబడే వేళకు ఆ లాగుడు సడలి, రాత్రి ముదిరాక గాలి నేల నుంచి సముద్రం వైపుకు తిరుగుతుంది. ఆ రెండింటి మధ్య కొంతసేపు గాలే ఉండదు. అప్పటిదాకా నీటి మీద వేల ముక్కలుగా తునిగి మెరుస్తున్న సూర్యుడి దారి, గాలి ఆగేకొద్దీ ముక్కలు ఒకదానికొకటి అంటుకుని, చివరకు మొగలోంచి మా కాళ్ల కింది గట్టు దాకా ఒకే ఒక్క పొడుగాటి రాగిరేకులాగా పరుచుకుంది. ఒక నీటికాకి దాన్ని అడ్డంగా దాటుతూ ఈదితే, దాని వెనక రెండు నల్లటి గీతలు చాలాసేపు చెదరకుండా నిలిచాయి.

సూర్యుడి అడుగు అంచు 6:12కి నీటిగీతను తాకింది. అప్పటికే గుండ్రదనం పోయి, పైనుంచి ఎవరో నొక్కినట్టు కొంచెం అడ్డంగా సాగి ఉంది. "ఇప్పుడు మనం చూస్తున్న సూర్యుడు నిజానికి ఆ గీత కిందికి ఎప్పుడో దిగిపోయాడు నాన్నా," అన్నాను. గాలి పొరలు వెలుగును వంచడం వల్ల దిగంతం దగ్గర ఏ వస్తువైనా అర డిగ్రీకి పైగా, దాదాపు 34 నిమిషాల కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) పైకి లేచినట్టు కనిపిస్తుంది. సూర్యబింబపు వెడల్పు సుమారు 32 నిమిషాలే. అంటే బింబం నీటి మీద ఆనినట్టు కనిపించే క్షణానికి దాని మొత్తం ఆకారం దిగంతానికి దిగువనే ఉంటుంది. నాన్న ఏమీ అనలేదు, మరింత శ్రద్ధగా చూశారు. రెండు నిమిషాలు దాటి ఇంకొన్ని క్షణాలకు, చివరి మెరుపు గీత సన్నబడి, చుక్కై, ఆరిపోయింది.

జెట్టీ మీదున్న వాళ్లు వెళ్లిపోవడం దూరం నుంచి కనిపించింది. అమ్మ నావైపు తిరిగి, ఇక లేవాలేమో అన్నట్టు శాలువా సర్దుకోబోయింది. "ఇప్పుడు వెనక్కి చూడమ్మా," అన్నాను.

తూర్పున ఊరి చెట్ల మీద ఆకాశం అడుగున నీలి బూడిద రంగులో ఒక పట్టీ, దాని మీద గులాబీ రంగులో మరో పట్టీ లేస్తున్నాయి. అడుగు పట్టీ భూమి నీడ. మన వెనక దిగిపోయిన సూర్యుడి వెలుగుకు అడ్డం పడి, భూమి తన నీడను తన గాలి మీదే వేసుకుంటుంది. పైనున్న గులాబీ పట్టీని వీనస్ బెల్ట్ అంటారు. పౌర్ణమి నాటి చంద్రుడు సూర్యుడికి దాదాపు ఎదురుగా ఉంటాడు కాబట్టి ఉదయించేది కూడా ఆ వేళకే. చెట్లు దాటి పైకి రావడానికి మరికాస్త సమయం పట్టి, 6:24కి ఆ గులాబీ రంగులోంచి పైకి వచ్చాడు. అమ్మ బల్ల మీదే పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చుంది. రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, చాలాసేపు మాట్లాడలేదు. నేను ఫోను సంచిలోంచి తీయలేదు. తీసి ఉంటే అమ్మ ముఖాన్ని అద్దంలోంచి చూసేదాన్ని.

పడమర ఆ రోజు నిర్మలంగా ఉంది. నిన్నటిలాంటి మంట లేదు. నారింజ, పసుపు, ఆకుపచ్చకు దగ్గరైన ఒక లేత రంగు, ఆపైన ముదురు నీలం నెమ్మదిగా ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. రెండు సాయంత్రాల్లో నాకు ఈ నెమ్మదే ఎక్కువ నచ్చింది. ఏడింటికి ముందు నాలుగైదు నక్షత్రాలు వచ్చాయి. దీపస్తంభం వెలిగింది. ఒక వెలుగుకూ మరో వెలుగుకూ మధ్య ఎన్ని అంకెలో నాన్న లెక్కపెట్టారు. ప్రతి దీపస్తంభానికీ తనదైన లయ ఉంటుందని, పక్క ఊరి దీపంతో పొరపడకుండా నావికులు ఆ లయతోనే గుర్తుపడతారని చెబితే, సరిచూసుకోవడానికి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టారు.

ఏడు గంటలు దాటింది. నియమం ప్రకారం ఇక లేవవచ్చు. టార్చి చేతిలోకి తీసుకుని, "వెళ్దామా అమ్మా?" అని అడిగాను.

"తొందరేముందే? ఆ ఆరూ లోపలికి రావాలిగా," అంది అమ్మ.

వేడినీళ్లు తలా ఒక గ్లాసు తాగాం. బోట్లు కనిపించడం మానేసి, వాటి చోట లంగరు వేసినట్టు చెప్పే ఆరు తెల్లటి దీపాలు మిగిలాయి. నీళ్లు ఎక్కడం మొదలైంది. గట్టు కింద రాళ్ల సందుల్లో చిన్న చప్పుళ్లుగా ముందు వినిపించి, తరువాత కాలువలో నురగ లోపలివైపుకు కదలడంతో తెలిసింది. 7:40 ప్రాంతంలో ఆరింటిలో ఒక దీపం పక్కన ఆకుపచ్చటి చుక్క ఒకటి వెలిగింది. పడవకు కుడిపక్క ఆకుపచ్చ, ఎడమపక్క ఎరుపు ఉంటాయని, ఒక్కటే కనిపిస్తే అది మనకు అడ్డంగా పోతున్నట్టని, రెండూ కనిపిస్తే నేరుగా మనవైపే వస్తున్నట్టని నాన్నకు చెప్పాను. ఆయన గట్టు అంచు వైపు వంగి చూస్తూ కూర్చున్నారు. ఆకుపచ్చ చుక్క కొంతదూరం కుడికి జరిగింది, ఆగింది. దానికి కుడిపక్కన ఒక ఎర్ర చుక్క తేలింది.

"తిరిగింది," అన్నారు నాన్న.